షర్లీ మెక్‌కే: 315 మ్యాచ్‌ల దారి

ఐర్లాండ్ మహిళల హాకీ చరిత్ర – నాలుగో భాగం

1894లో డబ్లిన్‌లో ఐరిష్ లేడీస్ హాకీ యూనియన్ ఏర్పడే నాటికి ప్రపంచంలో మరే దేశంలోనూ మహిళల హాకీకి జాతీయ సంఘమంటూ లేదు. రెండేళ్లకు, 1896లో, అదే నగరంలో ఇంగ్లండ్ జట్టును 2–0 తేడాతో ఓడించిన ఐర్లాండ్ క్రీడాకారిణులు మహిళల హాకీలో అంతర్జాతీయ పోటీలకు నాంది పలికారు. ఆ తొలి దశాబ్దాల కథను గత భాగాలు వివరించాయి. అందరికన్నా ముందు మేల్కొన్న ఈ దేశపు మహిళల జట్టు ఒలింపిక్ మైదానంలో కాలు మోపడానికి 2021 వరకు వేచి ఉండవలసి రావడం ఈ చరిత్ర మొత్తంలో అన్నిటికన్నా వివరణ కోరే విషయం. ఆ వివరణను సంఘాల తీర్మానాలలోనో పతకాల పట్టికలలోనో వెతకడం కన్నా, 2007 నుంచి 2021 వరకు జట్టు వెన్నెముకగా నిలిచిన ఒక క్రీడాకారిణి ఆట జీవితంలో వెతకడం మేలు. ఆ క్రీడాకారిణి షర్లీ మెక్‌కే. ఓటములు, ఎదురుచూపులు, డబ్బు కొరత, చివరికి దక్కిన రెండు మహా విజయాలు అన్నీ ఆమె ఒక్కరి అనుభవంలోనే వరుసగా కనిపిస్తాయి.

మెక్‌కే సొంత ఊరు డ్రమ్‌క్విన్, టైరోన్ కౌంటీలో ఒక చిన్న గ్రామం. టైరోన్ ఉన్నది ఉత్తర ఐర్లాండ్‌లో, అంటే రాజకీయంగా యునైటెడ్ కింగ్‌డమ్‌లో. 1921లో ఐర్లాండ్ ద్వీపం రెండుగా చీలి, దక్షిణ భాగం స్వతంత్ర రాజ్యంగా మారినా, ఉత్తరాన ఆరు కౌంటీలు బ్రిటన్ పాలనలోనే ఉండిపోయినా, హాకీ మాత్రం ఆ గీతను ఒప్పుకోలేదు. రగ్బీలో ఉన్నట్టే హాకీలోనూ ద్వీపమంతటికీ ఒకే జట్టు కొనసాగింది. బెల్‌ఫాస్ట్ అమ్మాయి, డబ్లిన్ అమ్మాయి ఒకే ఆకుపచ్చ చొక్కా తొడుక్కొని ఆడారు. అందుకే ఈ జట్టు మైదానంలో నిలబడినప్పుడు సాధారణంగా వినిపించే పాట ఐరిష్ గణతంత్రపు జాతీయ గీతం కాదు. ద్వీపంలోని నాలుగు ప్రాంతాల వారూ కలిసి పాడుకోవడానికి వీలుగా 1995లో రగ్బీ కోసం రాయించుకొన్న ‘ఐర్లండ్స్ కాల్’ అనే పాట.

ఈ ఏర్పాటు ఎంత ఉదారమైనదో ఒలింపిక్స్ దగ్గరికి వచ్చేసరికి అంత చిక్కుముడిగానూ మారింది. ఒలింపిక్స్‌లో ఇంగ్లండ్, స్కాట్లండ్, వేల్స్ క్రీడాకారులు విడివిడిగా కాకుండా గ్రేట్ బ్రిటన్ పేరుతో ఒకే జట్టుగా ఆడతారు; ఉత్తర ఐర్లాండ్‌లో పుట్టినవారికి ఆ జట్టుకు ఆడే హక్కూ ఉంది, ఐర్లాండ్‌కు ఆడే హక్కూ ఉంది. ఐర్లాండ్ జట్టుకు ఒలింపిక్ ద్వారం తెరుచుకోనంతకాలం ప్రతిభగల ఉత్తరాది క్రీడాకారిణికి బ్రిటన్ జట్టు సహజంగానే ఒక ఆకర్షణ. 1992 బార్సిలోనా ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచిన బ్రిటన్ మహిళల జట్టులో ఉత్తర ఐర్లాండ్‌కు చెందిన జాకీ మెక్‌విలియమ్స్ ఉన్నారు. పురుషులలో స్టీఫెన్ మార్టిన్, జిమ్మీ కర్క్‌వుడ్ అంతకు నాలుగేళ్ల ముందే సోల్‌లో బ్రిటన్ తరఫున స్వర్ణం అందుకున్నారు. వారి ఎంపికను తప్పుపట్టడానికి ఏమీ లేదు, క్రీడాకారుల యౌవనం కొద్ది ఏళ్లే కనుక. టైరోన్‌లో పుట్టిన మెక్‌కే అదే పరిస్థితిలో పద్నాలుగేళ్లపాటు ఐర్లాండ్ జట్టులోనే కొనసాగారన్న వాస్తవాన్ని మాత్రం ఆమె గణాంకాలన్నిటికన్నా ముందు గుర్తుంచుకోవాలి.

ఆ గణాంకాలలో మొదటిది 315. ఒక క్రీడాకారిణి తన దేశం తరఫున ఆడిన ప్రతి అధికారిక అంతర్జాతీయ మ్యాచ్‌నూ బ్రిటిష్ ద్వీపాలలో ఒక ‘క్యాప్’గా లెక్కిస్తారు, పూర్వం జట్టుకు ఎంపికైనవారికి గుర్తుగా నిజంగానే ఒక టోపీ ఇచ్చేవారు కనుక ఆ పేరు స్థిరపడింది. 2007లో తొలి క్యాప్ అందుకున్న మెక్‌కే 2021లో వీడ్కోలు చెప్పేనాటికి ఆ సంఖ్యను 315కు చేర్చారు. అప్పటికి ఏ క్రీడలోనైనా సరే, ఐర్లాండ్‌కు అన్నిసార్లు ప్రాతినిధ్యం వహించిన మహిళ మరొకరు లేరు. పద్నాలుగేళ్లకు పంచి చూస్తే ఏటా సగటున 22 మ్యాచ్‌లు పైబడి వస్తాయి. వీటికి తోడు శిక్షణ శిబిరాలు, ప్రయాణాలు, అల్‌స్టర్ ఎల్క్స్, పెగసస్ వంటి క్లబ్‌ల తరఫున ఆడిన దేశవాళీ పోటీలు ఉన్నాయి; పైగా ఇదంతా జీతం లేని ఆట. వృత్తి క్రీడాకారిణికి ఇది గొప్ప సంఖ్య అయితే, బతుకు తెరువు వేరే చూసుకోవలసిన క్రీడాకారిణికి దాదాపు నమ్మలేని సంఖ్య.

మెక్‌కే ప్రధానంగా డిఫెండర్, అవసరాన్ని బట్టి మిడ్‌ఫీల్డ్‌లోనూ ఆడేవారు. రక్షణ వరుసలో ఆడేవారి పనితనం స్కోరు పట్టికలో కనబడదు. గోల్ కొట్టినవారి పేరు నమోదవుతుంది కానీ, జరగకుండా ఆగిపోయిన గోల్ వెనుక ఎవరున్నారో ఏ పట్టికా చెప్పదు. హాకీలో ఆ పని ఎంత కఠినమో పెనాల్టీ కార్నర్‌ను దగ్గరగా పరిశీలిస్తే తెలుస్తుంది. గోల్ ముందున్న అర్ధవలయంలో రక్షకజట్టు తప్పు చేసినప్పుడు ప్రత్యర్థికి లభించే ఈ అవకాశంలో గోల్‌కీపర్‌తో కలిపి అయిదుగురు మాత్రమే గోల్ గీత వెనుక నిలబడాలి, మిగిలిన ఆరుగురూ మైదానం మధ్యగీత అవతలికి వెళ్లిపోవాలి. గోల్ స్తంభానికి కనీసం పది మీటర్ల దూరంలో, చివరి గీత మీద ఉంచిన బంతిని దాడిచేసే జట్టు అమ్మాయి అర్ధవలయం వెలుపలికి నెడుతుంది. అక్కడ ఒకరు దాన్ని ఆపుతారు, ఇంకొకరు అదే ఊపులో గోల్ వైపు కొడతారు లేదా కర్రతో ఈడ్చి విసిరే ‘డ్రాగ్ ఫ్లిక్’ ప్రయోగిస్తారు. ఇదంతా రెండు క్షణాలలో ముగుస్తుంది. ముఖానికి తొడుగు, మోకాళ్లకు రక్షణ కవచాలు వేసుకున్న డిఫెండర్లలో ఒకరు, బంతి కదిలిన మరుక్షణమే గీత దాటి, కొట్టబోయే అమ్మాయి కర్రకు ఎదురుగా పరుగెత్తాలి. ఆ పరుగు అర అడుగు ఆలస్యమైతే గోల్, మరీ ముందైతే నిబంధనల ఉల్లంఘన. రక్షణ వరుస ఇలాంటి పనిని ఒక్కో మ్యాచ్‌లో ఎన్నోసార్లు చేస్తుంది.

మెక్‌కే జట్టులోకి వచ్చేనాటికి ఐర్లాండ్ మహిళల హాకీ పరిస్థితి ఆశాజనకంగా లేదు. 1994లో ప్రపంచ కప్ డబ్లిన్‌లోనే జరిగినప్పుడు ఆతిథ్య జట్టు 11వ స్థానంతో సరిపెట్టుకుంది. ఆ టోర్నీలకు సంబంధించినంతవరకు 2018 దాకా ఐర్లాండ్‌కు అదే అత్యుత్తమ ఫలితం. 2002లో ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో 15వ స్థానం దక్కింది, ఆ తర్వాత పదహారేళ్లు ప్రపంచ కప్‌లో చోటే దొరకలేదు. ఒలింపిక్స్ సంగతి మరీ దూరం: మహిళల హాకీ 1980లో మాస్కోలో తొలిసారి ఒలింపిక్ క్రీడ అయింది, ఆ పోటీలో జింబాబ్వే స్వర్ణం గెలిచింది, భారత మహిళలు నాలుగో స్థానంలో నిలిచారు, ఐర్లాండ్‌కు మాత్రం నాలుగు దశాబ్దాలపాటు ఆ వేదిక అందలేదు.

ఈ వైఫల్యానికి ప్రతిభ లేమి ఒక్కటే కారణమనుకోవడం పొరపాటు. ఒలింపిక్స్‌లో మహిళల హాకీకి దక్కే స్థానాలు పన్నెండే. ఖండాల విజేతలకు, ఆతిథ్య దేశానికి కేటాయించగా మిగిలిన కొన్నింటి కోసం అర్హత పోటీలు జరుగుతాయి. నెదర్లాండ్స్, జర్మనీ, ఇంగ్లండ్, స్పెయిన్, బెల్జియం వంటి బలమైన జట్లున్న ఐరోపా నుంచి ఆ మిగిలిన స్థానాలలో ఒకటి దక్కించుకోవాలంటే నాలుగేళ్లకొకసారి వచ్చే ఒకే ఒక్క టోర్నీలో, తరచుగా ఒకే ఒక్క మ్యాచ్‌లో గెలవాలి. ఆ ఒక్క రోజు జారిపోతే మళ్లీ నాలుగేళ్లు ఆగాలి. 2012 లండన్ ఒలింపిక్స్‌కు ముందు బెల్జియంలోని కోంటిక్‌లో జరిగిన అర్హత టోర్నీలో ఐర్లాండ్ ఫైనల్ వరకు వెళ్లి ఆతిథ్య జట్టు చేతిలోనే ఓడింది. 2015లో స్పెయిన్‌లోని వలెన్సియాలో, రియో ఒలింపిక్స్‌కు దారితీసే వరల్డ్ లీగ్ సెమీఫైనల్ టోర్నీలో, చైనాతో కీలక మ్యాచ్ షూటౌట్ దాకా వెళ్లి అక్కడ చేజారింది. మరుసటి ఏడాది ఐర్లాండ్ పురుషుల జట్టు రియోకు వెళ్లింది, 1908 తర్వాత వారికి అదే తొలి ఒలింపిక్స్. మహిళలు ఇంటి దగ్గరే ఉండిపోయారు. ఆ రెండు ఓటముల నడుమ, ఆ తర్వాత కూడా ఎందరో ఆట మానేశారు. చదువులు, ఉద్యోగాలు, కుటుంబాలు తమ వాటా తాము అడుగుతాయి. మెక్‌కే మానలేదు. చరిత్రకారులు సాధారణంగా 2018 నుంచి ఈ జట్టు కథ మొదలుపెడతారు. నిజానికి 2018లో ఫలించిన చెట్టుకు నీరు పోసింది 2012, 2015 సంవత్సరాల తర్వాత కూడా శిబిరానికి తిరిగి వచ్చినవారే.

డబ్బు విషయం ఇక్కడ చెప్పకపోతే కథ సగమే అవుతుంది. ఐర్లాండ్‌లో ప్రజల ఆదరణలో మొదటి పీట గేలిక్ ఫుట్‌బాల్, హర్లింగ్ వంటి దేశీయ క్రీడలదీ, ఆ తర్వాత రగ్బీ, ఫుట్‌బాల్‌లదీ. హాకీ పాఠశాలలకు, క్లబ్‌లకు పరిమితమైన ఆట. జాతీయ జట్టుకు ఎంపికైన మహిళలు ఆ గౌరవానికి ప్రతిగా ఏటా కొన్ని వందల యూరోలు తామే చెల్లించే పద్ధతి 2018 దాకా నడిచింది. దేశం కోసం ఆడేవారు ఆ ఖర్చులో వాటా తామే భరించేవారన్నమాట. ఏ దేశ క్రీడా పాలకులకైనా ఇది సిగ్గుపడవలసిన విషయం. 2018 ప్రపంచ కప్‌కు కొద్ది వారాల ముందు సాఫ్ట్‌కో అనే ఐరిష్ సాఫ్ట్‌వేర్ సంస్థ ప్రాయోజకత్వం వహించడానికి ముందుకు రావడంతో ఆ భారం తొలగింది.

ఆ ప్రపంచ కప్‌కు అర్హత దక్కిన తీరు కూడా గుర్తించదగినదే. 2017 జులైలో దక్షిణాఫ్రికాలోని జోహన్నెస్‌బర్గ్‌లో జరిగిన వరల్డ్ లీగ్ సెమీఫైనల్ టోర్నీలో ఐర్లాండ్ భారత జట్టును ఓడించి ఏడో స్థానం సంపాదించింది. ఖండాల విజేతలలో కొందరు అప్పటికే అర్హత పొంది ఉండటంతో ఖాళీ అయిన చోటు ఆ ఏడో స్థానానికి దక్కి, పదహారేళ్ల తర్వాత ఐర్లాండ్ ప్రపంచ కప్‌కు చేరింది. ప్రపంచ కప్ జరిగిన లండన్‌కు బయలుదేరిన ఆ జట్టులో ఎవరెవరున్నారో చూస్తే అది ఎలాంటి జట్టో తెలుస్తుంది. కెప్టెన్ కేటీ మలన్ ఇంజినీరింగ్ చదివిన అమ్మాయి, హర్లింగ్‌కు మహిళల రూపమైన కమోగీలోనూ అందెవేసిన చేయి. రెండో గోల్‌కీపర్ గ్రేస్ ఓ'ఫ్లానగన్ వైద్యురాలు. ఎలీనా టైస్ పదమూడేళ్లకే ఐర్లాండ్ క్రికెట్ జట్టుకు ఆడి రికార్డు సృష్టించిన అమ్మాయి. వీరందరినీ నడిపించిన శిక్షకుడు గ్రాహం షా ఒకప్పుడు ఐర్లాండ్ పురుషుల జట్టు ఆటగాడు. ప్రపంచ ర్యాంకింగ్‌లో ఆ జట్టు స్థానం 16. టోర్నీలోని పదహారు జట్లలో దానికన్నా కింద ఉన్నది ఇటలీ ఒక్కటే.

2018 జులై 21న తొలి మ్యాచ్‌లో, ర్యాంకింగ్‌లో ఎంతో పైనున్న అమెరికాను ఐర్లాండ్ 3–1తో ఓడించింది. డియర్‌డ్రె డ్యూక్ రెండు గోల్స్ చేయగా, మూడోది మెక్‌కే ఖాతాలో పడింది. జులై 26న భారత్‌తో మ్యాచ్‌లో అన్నా ఓ'ఫ్లానగన్ తొలి క్వార్టర్‌లోనే చేసిన గోల్‌ను రక్షణ వరుస చివరిదాకా కాపాడుకుంది. 1–0 ఫలితంతో ఐర్లాండ్ ఒక మ్యాచ్ మిగిలి ఉండగానే గ్రూపులో అగ్రస్థానం ఖాయం చేసుకుంది. ఇంగ్లండ్‌తో ఆఖరి గ్రూపు మ్యాచ్‌లో ఒక గోల్ తేడాతో ఓడినా ఆ స్థానం చెక్కుచెదరలేదు. గ్రూపు విజేత నేరుగా క్వార్టర్‌ఫైనల్ చేరే పద్ధతి కనుక, ఇటలీని దాటి వచ్చిన భారత జట్టే ఆగస్టు 2న మళ్లీ ఎదురైంది.

ఆ క్వార్టర్‌ఫైనల్ తెలుగు పాఠకులకు కొంత దగ్గరి విషయం. రాణి సారథ్యంలోని ఆ భారత జట్టులో సవితకు తోడు రెండో గోల్‌కీపర్‌గా చిత్తూరు జిల్లా నుంచి వచ్చిన ఎతిమరపు రజని ఉన్నారు. నిర్ణీత సమయంలో ఇరుజట్లూ గోల్ చేయలేకపోవడంతో ఫలితం షూటౌట్‌కు వెళ్లింది. హాకీ షూటౌట్ ఫుట్‌బాల్ పెనాల్టీ లాంటిది కాదు: గోల్‌కు 23 మీటర్ల దూరంలోని గీత మీద బంతి ఉంటుంది, గోల్‌కీపర్ గోల్ గీత మీద నిలబడుతుంది, ఈల మోగిన క్షణం నుంచి దాడిచేసే అమ్మాయికి ఎనిమిది సెకండ్ల గడువు. ఆ ఎనిమిది సెకండ్లలో ఆమె బంతిని ముందుకు నడపవచ్చు, వెనక్కి తిప్పవచ్చు, కీపర్‌ను ఏమార్చి పక్కకు తప్పుకోవచ్చు. కీపర్ కూడా ముందుకు దూసుకొచ్చి దారి మూసివేయవచ్చు. ఒక్కో జట్టు నుంచి అయిదుగురు వంతులవారీగా వస్తారు. మిగిలినవారు దూరంగా నిలబడి చూడటం తప్ప చేయగలిగింది ఏమీ ఉండదు; మ్యాచ్ అంతా గోల్‌ను కాపాడిన డిఫెండర్లకు ఆ నిమిషాలు ఎంత దీర్ఘమైనవో ఊహించవచ్చు.

మొదట సవిత చెలరేగారు. నికోలా డేలీ, అన్నా ఓ'ఫ్లానగన్‌ల ప్రయత్నాలు రెండూ విఫలమయ్యాయి. కానీ ఐర్లాండ్ గోల్‌కీపర్ ఐషా మెక్‌ఫెరన్ కూడా రాణినీ, మోనికానూ, నవజోత్ కౌర్‌నూ గోల్ చేయనివ్వలేదు. మూడో వంతులో రోషీన్ అప్టన్, నాలుగో వంతులో అలిసన్ మీక్ ఐర్లాండ్‌కు గోల్స్ సాధించగా, భారత్ తరఫున రీనా ఖోఖర్ ఒకటి తిరిగి ఇచ్చారు. అయిదో వంతులో క్లోయి వాట్కిన్స్ బంతిని గోల్‌లోకి పంపడంతో 3–1గా తేలిపోయింది. మెక్‌ఫెరన్ కూడా ఉత్తర ఐర్లాండ్‌ అమ్మాయే, ఆంట్రిమ్ కౌంటీలోని లార్న్ పట్టణవాసి, అమెరికాలోని లూయివిల్ విశ్వవిద్యాలయం తరఫున ఆడి పదును దేలిన కీపర్. టోర్నీ ముగిశాక ఉత్తమ గోల్‌కీపర్ పురస్కారం ఆమెకే దక్కింది. ఆ పురస్కారంలో రక్షణ వరుసకూ వాటా ఉందనడం అతిశయోక్తి కాదు, ఎందుకంటే సెమీఫైనల్ ముగిసే వరకు అయిదు మ్యాచ్‌లలో ఐర్లాండ్ నిర్ణీత సమయంలో ఇచ్చిన గోల్స్ మూడే.

ఆగస్టు 4న సెమీఫైనల్‌లో స్పెయిన్‌పై ఆట మొదలైన మూడో నిమిషంలోనే ఓ'ఫ్లానగన్ గోల్ చేశారు. రెండో అర్ధభాగంలో స్పెయిన్ దాన్ని సమం చేసింది. మళ్లీ షూటౌట్. అయిదేసి వంతులు ముగిసినా సమానంగానే ఉండటంతో, ఎవరు ముందు తప్పితే వారు ఓడినట్టు లెక్కించే ‘సడన్ డెత్’ దశ వచ్చింది. మెక్‌ఫెరన్ అడ్డుకున్నారు, గిలియన్ పిండర్ గోల్ చేశారు, 3–2. పురుషులలో గాని మహిళలలో గాని ఐర్లాండ్ హాకీ జట్టు ప్రపంచ కప్ ఫైనల్ చేరడం అదే మొదటిసారి. మరునాడు నెదర్లాండ్స్ చేతిలో 6–0తో ఓటమి ఎదురైంది. డచ్ జట్టు ఆనాటికి మిగిలిన ప్రపంచానికి అందనంత ఎత్తున ఉంది. వరుసగా రెండు రోజులు, అందులో ఒకటి షూటౌట్ దాకా సాగిన మ్యాచ్ ఆడిన ఐర్లాండ్‌కు ఆ ఓటమి అవమానం కాదు. 1908లో ఇదే లండన్‌లో ఐర్లాండ్ పురుషులు ఇంగ్లండ్ చేతిలో ఓడి ఒలింపిక్ రజతం అందుకున్నారు. నూట పదేళ్ల తర్వాత మహిళలు ప్రపంచ కప్ రజతంతో స్వదేశానికి తిరిగివచ్చారు. ఆగస్టు 6న డబ్లిన్‌లోని డేమ్ స్ట్రీట్ వేలమందితో నిండిపోయింది. ర్యాంకింగ్‌లో జట్టు 16 నుంచి 8కి ఎగబాకింది, ప్రభుత్వం అదనపు నిధులు ప్రకటించింది.

అయితే మెక్‌కే తరానికి అసలు లక్ష్యం ఒలింపిక్స్, అది ఇంకా మిగిలే ఉంది. 2019 ఆరంభంలో గ్రాహం షా న్యూజిలాండ్ జట్టు శిక్షకుడిగా వెళ్లిపోగా, ఆస్ట్రేలియాకు చెందిన షాన్ డాన్సర్ ఆ బాధ్యత చేపట్టారు. టోక్యో అర్హత పద్ధతి మారింది. రెండు జట్లు ఒకే వేదికపై వరుసగా రెండు మ్యాచ్‌లు ఆడితే, రెండింటి మొత్తం ఫలితాన్ని బట్టి విజేతను తేల్చేవారు. ర్యాంకింగ్ మెరుగుపడటం వల్ల ఆ పోటీని సొంత గడ్డపై ఆడే అవకాశం ఐర్లాండ్‌కు దక్కింది, అది లండన్ రజతం ఇచ్చిన నిజమైన ప్రతిఫలం. 2019 నవంబర్ మొదటి వారాంతంలో, డబ్లిన్‌లోని డానీబ్రూక్ రగ్బీ మైదానంలో ప్రత్యేకంగా కృత్రిమ పచ్చిక పరిపించి కెనడాతో ఈ పోటీ నిర్వహించారు. మామూలుగా కొన్ని వందలమంది చూసే ఆటకు వేలమంది వచ్చారు.

రెండు మ్యాచ్‌లలో, అంటే నూట ఇరవై నిమిషాలలో, ఒక్క గోల్ కూడా నమోదు కాలేదు. ఇరుపక్షాల రక్షణ వరుసలకూ ఇంతకన్నా గట్టి సాక్ష్యం అక్కరలేదు. షూటౌట్‌లో మూడేసి వంతులు పూర్తయ్యేసరికి కెనడా 3–1 ఆధిక్యంలో ఉంది. ఇంకొక్క గోల్ చేసి ఉంటే వలెన్సియా నాటి దుఃఖమే డబ్లిన్‌లో పునరావృతమయ్యేది. ఆ దశలో మెక్‌ఫెరన్ ఒకదాని తర్వాత ఒకటి అడ్డుకుంటూ పోగా, ఐర్లాండ్ అమ్మాయిలు లెక్క సరిచేశారు. సడన్ డెత్‌లో, చేతి ఎముక విరిగినా ఆ సంగతి పక్కనపెట్టి బరిలో ఉన్న రోషీన్ అప్టన్ గోల్ సాధించారు. కెనడా బదులివ్వలేకపోయింది, 4–3. పన్నెండేళ్ల నిరీక్షణ తర్వాత మెక్‌కే ఒలింపియన్ కాబోతున్నారు. మహమ్మారి వల్ల ఒలింపిక్స్ ఏడాది వాయిదా పడటంతో ముప్పై ఏళ్లు దాటిన ఆమెకు మరో ఏడాది సాధన అవసరమైంది, అదీ ఆమె చేశారు.

టోక్యోలో ఐర్లాండ్ తొలి మ్యాచ్ 2021 జులై 24న. రోషీన్ అప్టన్, సారా టోరన్స్ చేసిన గోల్స్‌తో దక్షిణాఫ్రికాపై 2–0 విజయం దక్కింది. ఐర్లాండ్ మహిళల హాకీకి ఒలింపిక్స్‌లో అదే తొలి విజయం. తర్వాత నెదర్లాండ్స్ 4–0తో, జర్మనీ 4–2తో గెలిచాయి. జులై 30న ఎదురైన జట్టు మళ్లీ భారత్. పెనాల్టీ కార్నర్‌లు వరుసగా దక్కినా వాటిని గోల్‌గా మలచుకోలేక, మెక్‌ఫెరన్‌నూ ఆమె ముందున్న రక్షణనూ ఛేదించలేక భారత జట్టు విసిగిపోతున్న వేళ, ఆట ముగియడానికి మూడు నిమిషాల ముందు, 57వ నిమిషంలో నవనీత్ కౌర్ బంతిని గోల్‌లోకి మళ్లించారు. 1–0.

మరునాటి లెక్కలు విచిత్రంగా మారాయి. ఆరు జట్ల గ్రూపులో మొదటి నలుగురికే క్వార్టర్‌ఫైనల్. జులై 31న వందనా కటారియా హ్యాట్రిక్‌తో భారత్ దక్షిణాఫ్రికాను 4–3తో ఓడించి తన పని ముగించింది, కానీ ముందుకు వెళ్లేదీ లేనిదీ అదే రోజు ఐర్లాండ్, గ్రేట్ బ్రిటన్‌ల మధ్య జరగబోయే మ్యాచ్ మీద ఆధారపడింది. ఐర్లాండ్ గెలిస్తే రెండు జట్లకూ రెండేసి విజయాలు వచ్చి, గోల్స్ తేడాలో మెరుగ్గా ఉన్న ఐర్లాండ్ ముందుకు వెళుతుంది, భారత్ ఇంటిముఖం పడుతుంది. ఆ సాయంత్రం భారతదేశంలో హాకీని అనుసరించే ప్రతి ఒక్కరూ ఐర్లాండ్ ఓటమి కోరుకున్నారు. రిజర్వ్ గోల్‌కీపర్‌గా టోక్యో వెళ్లిన రజని కూడా ఆ ఫలితం కోసం ఎదురుచూసిన జట్టులోనే ఉన్నారు. బ్రిటన్ 2–0తో గెలిచింది. భారత మహిళలు క్వార్టర్‌ఫైనల్ చేరి ఆస్ట్రేలియాను ఓడించి, చివరికి 1980 నాటిలాగే నాలుగో స్థానంలో నిలిచారు.

ఐర్లాండ్ తరఫున షర్లీ మెక్‌కే ఆడిన చివరి మ్యాచ్ అదే, 315వది. టైరోన్ కౌంటీలో పుట్టిన క్రీడాకారిణి ఆఖరి మ్యాచ్ గ్రేట్ బ్రిటన్‌పై జరగడం యాదృచ్ఛికమే అయినా, ఉత్తర ఐర్లాండ్ హాకీ చరిత్ర తెలిసినవారికి అది అర్థవంతమైన యాదృచ్ఛికం. ఒకప్పుడు అక్కడి అమ్మాయికి ఒలింపిక్స్ అంటే బ్రిటన్ జట్టే దారి. మెక్‌కే, మలన్, మెక్‌ఫెరన్‌ల తరం ఐర్లాండ్ చొక్కాతోనే ఆ వేదిక ఎక్కి, బ్రిటన్‌కు ఎదురు నిలిచి ఆడింది. ఆమెతోపాటు ఆ తరంలో మరికొందరు కూడా త్వరలోనే ఆటకు వీడ్కోలు పలికారు.

కొత్త జట్టు 2022 ప్రపంచ కప్‌లో 11వ స్థానానికి పరిమితమైంది. 2024 జనవరిలో పారిస్ ఒలింపిక్స్ అర్హత టోర్నీ మళ్లీ వలెన్సియాలోనే జరిగింది. చివరి స్థానం కోసం జరిగిన మ్యాచ్‌లో గ్రేట్ బ్రిటన్ 2–1తో గెలవడంతో ఐర్లాండ్ మహిళలు పారిస్‌కు దూరమయ్యారు. అదే నెలలో రాంచీలో జపాన్ చేతిలో ఓడి భారత మహిళలు కూడా ఆ ఒలింపిక్స్‌కు వెళ్లలేకపోయారు.